తిన్నది ఒంటబట్టిననే కంటికి వెలుగు

మన గృహములలో పిల్లవానికి చూపు కొంచెము తగ్గినదని తెలియగానే మొదట జరుగు పని యొకటి కలదు. బజారునుండి కారట్ దుంపలు వచ్చును. మరునాటి నుండి పరగడుపున గ్లాసెడు కారట్ రసము ఆ పిల్లవానిచేత త్రాగింతురు. ఇంటిలో పెద్దవారున్నచో పొన్నగంటికూర వండుమని చెప్పుదురు. పొన్నగంటి అనగా ‘పోయిన కంటి’ కూర అని విడదీసి చెప్పు వాడుక మనలో చిరకాలముగా ఉన్నది. కంటికి మేలుచేయు ఆహారమేదో మన గృహిణులకు తెలియనిది కాదు. అయితే ఆ ఆహారము నోటినుండి కంటివరకు ఏ మార్గమున పోవునో, ఆ మార్గమున ఎచ్చట ఆగిపోవునో ఆలోచించువారు తక్కువ.

తెలుగులో ‘ఒంటబట్టుట’ అను చక్కని మాట కలదు. ఎంత పెట్టినను బిడ్డకు ఒంటబట్టుట లేదని తల్లులు వైద్యునితో చెప్పుకొందురు. తినుట వేరు, జీర్ణమగుట వేరు, ఒంటబట్టుట వేరు. ఈ మూడును సక్రమముగా జరిగిననే అన్నము ధాతువుగా మారును, కంటికి చూపై నిలుచును. వీనిలో ఏ ఒక్కటి తప్పినను బుట్టలకొలది కూరలు తెచ్చి వండినను ఫలితముండదు. ఈ సంగతిని క్రమముగా తెలిసికొందము.

శాస్త్రము చెప్పుచున్నదేమి?

ఆయుర్వేదమున పిత్తము ఐదు విధములుగా చెప్పబడినది. పాచకము, రంజకము, సాధకము, ఆలోచకము, భ్రాజకము అని వాని పేర్లు. వీనిలో ఆలోచక పిత్తము కంటియందుండి రూపమును గ్రహింపజేయును. పాచక పిత్తము ఆమాశయ పక్వాశయముల నడుమనుండి అన్నమును పచనము చేయును. పాచక పిత్తము తన స్థానమునందే ఉండి మిగిలిన నాలుగు పిత్తములకును బలమునిచ్చుచుండునని వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయమున చెప్పియున్నాడు. కావున జఠరాగ్ని మందగించినచో ఆ లోపము కంటివరకును పోవుననుట మన శాస్త్రమునకు సమ్మతమైన విషయమే.

చరకసంహిత చికిత్సాస్థానము 15వ అధ్యాయము గ్రహణీ వ్యాధికి సంబంధించినది. అన్నమును పట్టి నిలిపి ఉంచునది కావున ఆ అవయవమునకు గ్రహణి అని పేరు. అగ్నిబలము చక్కగా ఉన్నపుడు అది పక్వమైన అన్నమునే ముందునకు విడుచును. అగ్ని దుర్బలమైనపుడు పక్వము కానిదానిని కూడ విడిచివేయును. అట్టివారికి విరేచనము ఒకనాడు గట్టిగను, ఒకనాడు పలుచగను అగుచుండును. తిన్న అన్నము శరీరమునకు చెందక వృథా అగును. సగము పచనమై మిగిలిన అన్నరసమునే ఆమము అందురు.

సుశ్రుతాచార్యుడు ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములను వర్ణించెను. వాని కారణములను చెప్పుచు ఎండకు వేడెక్కిన దేహముతో చన్నీట మునుగుట, దూరపు వస్తువులను అదేపనిగా చూచుట, పగటినిద్ర, రాత్రి జాగరణము అనువానితోపాటు మలమూత్రవేగములను ఆపుకొనుటను, పులిసిన పదార్థములను, ఉలవలను, మినుములను అధికముగా సేవించుటను కూడ పేర్కొనెను. కంటిజబ్బులను గురించి చెప్పుచు ఆచార్యులు కడుపును మరువలేదని దీనివలన తెలియుచున్నది.

పాచక పిత్తమనగా నేటివారు చెప్పు ఫలానా ఎంజైమే అని ముడివేయుట తొందరపాటు. రెండు శాస్త్రముల పరిభాషలు వేరు, పరీక్షించు పద్ధతులు వేరు. అయినను కంటి పోషణకు దారి కడుపులోనుండియే పోవునను విషయమున రెండును ఏకీభవించుచున్నవి.

నోటినుండి కంటివరకు ఏడు మెట్లు

కంటికి కావలసిన పోషకములలో ఎ విటమిన్ ముఖ్యమైనది. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మెక్‌కాలమ్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు వెన్నలోని కొవ్వునందును, గ్రుడ్డులోని పచ్చసొనయందును ప్రాణుల పెరుగుదలకు అత్యవసరమైన పదార్థమొకటి ఉన్నదని కనుగొనిరి. అదియే తరువాత ఎ విటమిన్ అని ప్రసిద్ధికెక్కెను. కన్ను వెలుతురును గ్రహించు పనిలో ఈ విటమిన్ ఎట్లు పాల్గొనునో వివరించిన జార్జి వాల్డ్ అను శాస్త్రజ్ఞునకు 1967లో నోబెల్ బహుమానము లభించెను.

పాలు, వెన్న, నెయ్యి, గ్రుడ్డు, కాలేయము మొదలగు జంతుసంబంధమైన ఆహారములో ఎ విటమిన్ సిద్ధముగా ఉండును. ఆకుకూరలలోను, పసుపు నారింజ రంగులు గల కూరగాయలలోను, పండ్లలోను అది కెరోటిన్ రూపమున ఉండును. ఈ కెరోటిన్ కంటిని చేరుటకు ఏడు మెట్లు దాటవలెను.

1. ఆకు కణములలో బంధింపబడియున్న కెరోటిన్ బయటపడవలెను. ఉడికించుట, నూరుట, బాగుగా నమలుట ఇందుకు తోడ్పడును.

2. కెరోటిన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగును. కావున ఆ పూట భోజనములో కొంత నూనె గాని నెయ్యి గాని ఉండవలెను.

3. ఆ కొవ్వును చిన్నచిన్న తుంపరలుగా విడగొట్టుటకు కాలేయమునుండి పైత్యరసమును, జీర్ణించుటకు క్లోమగ్రంథినుండి జీర్ణరసమును చిన్నప్రేగులోనికి రావలెను.

4. చిన్నప్రేగు లోపలి పొర ఆరోగ్యముగా ఉండి దానిని గ్రహించి, కొంత భాగమును ఎ విటమిన్‌గా మార్చవలెను.

5. అది కాలేయమును చేరి నిలువ ఉండవలెను. దేహములోని ఎ విటమిన్ నిలువలో అధిక భాగము కాలేయమునందే ఉండును.

6. అవసరమైనపుడు కాలేయమునుండి రక్తములోనికి దానిని మోసికొనిపోవుటకు ఒక ప్రత్యేకమైన మాంసకృత్తు కావలెను. పప్పు, పాలు వంటి ఆహారము చాలనివారిలోను, జింకు లోపించినవారిలోను ఈ మోత సరిగా సాగదు.

7. చివరకు అది కంటి లోపలి రెటీనాను చేరి, మసక వెలుతురులో చూచుటకు ఆధారమైన రొడాప్సిన్ అను ద్రవ్యములో భాగమగును.

ఈ ఏడు మెట్లలో ఏడవది మాత్రమే కంటిలో ఉన్నది. రేచీకటితో వచ్చినవాని కన్నును మాత్రము చూచి పంపివేయుట చాలదని చెప్పుట ఇందువలననే.

సుశ్రుతుడు రేచీకటికి చెప్పిన చికిత్సలలో మేక కాలేయమును పిప్పళ్లతో పక్వముచేసి ఇచ్చుట ఒకటి. ఎ విటమిన్ అను పేరు పుట్టుటకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే, ఆ విటమిన్ నిలువయుండు అవయవమునే ఔషధముగా ఎన్నుకొనుట ఆశ్చర్యమును కలిగించును. దానికి అగ్నిదీపనమైన పిప్పలిని జతచేయుట గమనింపదగినది. మిరియములందును పిప్పళ్లయందును ఉండు పైపరీన్ కొన్ని పదార్థముల శోషణను పెంచునని ఆధునిక పరిశోధనలు కూడ చూపినవి.

పట్టికలోని లెక్క, కడుపులోని లెక్క

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు చిరకాలము వ్యాప్తిలో ఉంచిన ఆహారపదార్థముల పట్టికలలో నూరు గ్రాముల కరివేపాకునందు సుమారు 7,500 మైక్రోగ్రాములు, ములగాకునందు సుమారు 6,800, తోటకూర పాలకూరలయందు సుమారు 5,500 మైక్రోగ్రాముల కెరోటిన్ చూపబడినది. పెరటిలోని ములగచెట్టు బజారులోని కారట్‌కు ఏమాత్రము తీసిపోదని దీనివలన గ్రహింపవచ్చును.

అయితే ఈ అంకెలు ఆకులో ఉన్నదానికి సంబంధించినవి. కడుపు గ్రహించునది ఇంకొక లెక్క. పూర్వము ఆహారములోని ఆరు భాగముల బీటా కెరోటిన్ దేహములో ఒక భాగము ఎ విటమిన్‌కు సమానమని లెక్కించెడివారు. 2001లో అమెరికాలోని వైద్య విజ్ఞాన సంస్థవారు పరిశోధనలను పునఃపరిశీలించి, పన్నెండు భాగములకు ఒక భాగమని నిర్ణయించిరి. ఆకులో మార్పేమియు లేదు. ఆరోగ్యవంతుని కడుపు సహితము ఆకునుండి గ్రహించునది అనుకొన్నదానిలో సగమే అని తేలినది. ఇక అనారోగ్యపు కడుపు సంగతి వేరుగా చెప్పవలెనా?

1970 దశకమున జాతీయ పోషకాహార సంస్థకు చెందిన శివకుమార్, వినోదిని రెడ్డి అను పరిశోధకులు పిల్లలకు ఎ విటమిన్ ఇచ్చి, అందులో ఎంత ఒంటబట్టుచున్నదో కొలిచి చూచిరి. విరేచనములతో బాధపడు పిల్లలలోను, ఏలిక పాములున్న పిల్లలలోను శోషణ తగ్గియుండుటను వారు గుర్తించిరి. నోటిలో పోసిన ఔషధమే పూర్తిగా ఒంటబట్టనపుడు, గిన్నెడు ఆకుకూర ఎంత ఒంటబట్టునో పాఠకులే ఊహింపవచ్చును.

ఒక రోగి ఉదంతము

కొన్ని సంవత్సరముల క్రిందట యాబది దాటిన గృహస్థుడొకడు నావద్దకు వచ్చెను. సాయంకాలము చీకటిపడుచుండగా మెట్లు కనబడుట లేదనియు, రెండుసార్లు గడప తట్టుకొని పడితిననియు చెప్పెను. కళ్లద్దములు రెండుమార్లు మార్పించినను గుణము లేదు. ఏమి తినుచున్నావని అడుగగా, ఏడాదిగా ప్రతిదినము కారట్ రసము, పొన్నగంటికూర తప్పకుండ తీసికొనుచున్నానని చెప్పెను. గుండెకు మంచిదని నూనెను, నేతిని పూర్తిగా మానివేసినాడు.

విరేచనమును గురించి అడిగితిని. అది కంటి వైద్యమున అక్కరలేని ప్రశ్న అని అతడు కొంత సంకోచించెను. తరువాత, రెండేండ్లుగా దినమునకు మూడు నాలుగుమార్లు పోవలసివచ్చుచున్నదనియు, మలము జిడ్డుగా నీటిపై తేలుచు దుర్వాసన గలిగియుండుననియు, శరీరము పది కిలోలు తగ్గినదనియు తెలిపెను. తిన్న కొవ్వు జీర్ణము కాక బయటికి పోవుచున్నదనుటకు ఇవి స్పష్టమైన గుర్తులు. కొవ్వు పోయినచో దానితోపాటు ఎ విటమిన్ కూడ పోవును.

వెంటనే అతనిని కంటివైద్యునికడకును, ఉదర వ్యాధుల నిపుణునికడకును పంపితిని. క్లోమగ్రంథి చెడియున్నదని పరీక్షలలో తేలినది. దానికి తగిన జీర్ణరసముల మాత్రలను, ఎ విటమిన్‌ను వారు ఇచ్చిరి. నేను ఆహార నియమమును, తక్రమును, తేలికగా జీర్ణమగు భోజనక్రమమును సూచించితిని. కొద్దివారములలో సంధ్యవేళ చూపు చక్కబడెను. ఏడాదిపాటు అతడు తిన్న పొన్నగంటికూరలో దోషమేమియు లేదు. దానిని పట్టుకొను శక్తి కడుపునకు లేకపోయినది, పట్టుకొనుటకు సాయపడు నేతిని అతడే మానివేసినాడు.

ఎవరు ప్రత్యేకముగా గమనింపవలెను?

చిన్నపిల్లలు: ఎ విటమిన్ లోపమువలన మొదట రేచీకటి కలుగును. తరువాత తెల్లగ్రుడ్డు కాంతి తగ్గి పొడిబారును. తెల్లగ్రుడ్డుపై సబ్బునురుగు వంటి మచ్చలు ఏర్పడును. 1863లో వీనిని వర్ణించిన ఫ్రెంచి వైద్యుని పేర వీనిని బిటాట్ మచ్చలందురు. ఈ దశలో కూడ అశ్రద్ధ చేసినచో నల్లగ్రుడ్డుపై పొర మెత్తబడి, పుండుపడి, శాశ్వతమైన అంధత్వము కలుగవచ్చును. బిడ్డ దీపాలవేళ వస్తువులకై తడుముకొనుచున్నచో ఒక్కనాడు కూడ ఆలస్యము చేయరాదు.

మన దేశమున ఇట్టి అంధత్వమును నివారించుటకు 1970లో ప్రభుత్వ కార్యక్రమము ప్రారంభమైనది. తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు ఒక లక్ష యూనిట్లు, తరువాత ఐదేండ్లు నిండువరకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు చొప్పున ఎ విటమిన్ ద్రావకమును ఇచ్చుట అందలి పద్ధతి. 2015 నుండి జాతీయ నులిపురుగుల నివారణ దినమున ఒకటి మొదలు పందొమ్మిది ఏండ్ల లోపు పిల్లలకు ఆల్బెండజోల్ మాత్రలను ఇచ్చుచున్నారు. మధ్యతరగతివారు ఇవి పేదవారికి మాత్రమే అని తలంపరాదు. పురుగులు ఇంటి అంతస్తును చూచి రావు.

తట్టు లేక పొంగు పోసిన పిల్లలు: ఈ వ్యాధిలో దేహములోని ఎ విటమిన్ త్వరగా ఖర్చగును, విరేచనములును పట్టుకొనును. ఆ సమయముననే కొన్ని ఇండ్లలో అమ్మవారు పోసినదని చెప్పి కఠినమైన పథ్యము పెట్టుదురు. ఆకలిగొన్న బిడ్డ, వట్టిపోయిన కాలేయము, చెడిన ప్రేగు, ఈ మూడును కలిసినపుడు కన్ను పోవును. తట్టు పోసిన బిడ్డకు వెంటనే వైద్యుని పర్యవేక్షణలో వరుసగా రెండు దినములు ఎ విటమిన్ ఇవ్వవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించుచున్నది. లంఘనము పెద్దవారి ఆమదోషమునకు చెప్పిన చికిత్స. పసిబిడ్డను పస్తుంచుటకు శాస్త్రమును సాక్ష్యముగా చూపరాదు.

నవజాత శిశువులు: ముర్రుపాలలో ఎ విటమిన్ సమృద్ధిగా ఉండును. వానిని చెడ్డపాలని పిండి పారబోయుట కంటి నిధిని పారబోయుటయే.

గర్భిణులు: ఏడవ మాసము తరువాత కొందరికి రేచీకటి కనిపించును. అది ప్రసవముతో దానంతట పోవునని ఊరకుండరాదు. అట్లని స్వయముగా ఎ విటమిన్ మాత్రలు కొని మ్రింగరాదు. అధికమైన ఎ విటమిన్ గర్భస్థ శిశువునకు హాని చేయును. కాలేయమును తరచుగా తినుట కూడ గర్భిణులకు తగదు.

దీర్ఘకాల ఉదరరోగులు: గ్రహణి, కామెర్లు, పిత్తాశయమున రాళ్లచే పైత్యరసపు దారి మూసుకొనుట, కాలేయవ్యాధి, ప్రేగు కొంతభాగము తొలగించిన శస్త్రచికిత్స, బరువు తగ్గుటకై ఉదరమునకు చేయించుకొన్న శస్త్రచికిత్స గలవారు ఏడాదికొకసారి కంటిపరీక్ష చేయించుకొనవలెను.

వృద్ధులు, కేవల శాకాహారులు: వీరికి ఎ విటమిన్ కన్న బి12 లోపము భయము ఎక్కువ. బి12 ఆకుకూరలలో లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసములయందు ఉన్నది. దానిని గ్రహించుటకు ఆమాశయపు రసములు అవసరము. ఆమాశయము క్షీణించినవారికిని, ఛాతిమంటకై ఆమ్లమును తగ్గించు మాత్రలను ఏండ్లతరబడి వాడువారికిని, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ చిరకాలముగా వాడువారికిని బి12 తగ్గవచ్చును. అది బాగుగా తగ్గినపుడు కొందరిలో కంటినరము దెబ్బతిని, రెండు కన్నులలోను నడిమి చూపు నొప్పి లేకుండ క్రమముగా మందగించును, రంగులు వెలిసినట్లు కనబడును. పొగాకు, మద్యము తోడైనచో నష్టము హెచ్చు. చూర్ణములతో, లేహ్యములతో ఈ లోపము తీరదు. రక్తపరీక్ష చేయించి వైద్యుడు చెప్పిన విధముగా బి12 తీసికొనవలెను. వాడుచున్న మాత్రలను మాత్రము తమంత తాము మానరాదు.

వంటయింటిలో చేయదగినవి

1. ఆకుకూరను నూనెతోనో నేతితోనో తినవలెను. కెరోటిన్ ఒంటబట్టుటకు ఒక పూట భోజనములో మూడు నుండి ఐదు గ్రాముల కొవ్వు చాలును. చెంచాడు నెయ్యి ఇంచుమించు అంతే. ములగాకు పప్పులో తిరగమోత, తోటకూర వేపుడు, పప్పన్నముపై చెంచాడు నెయ్యి, వీనిలో మన పెద్దల యుక్తి ఉన్నది. హృద్రోగులు మొత్తము కొవ్వును వైద్యుని సలహాపై పరిమితము చేసికొనవలెనే గాని పూర్తిగా విడువరాదు.

2. పరగడుపున కారట్ రసము త్రాగుటకన్న, కారట్‌ను కూరగా వండి భోజనములో కలిపి తినుట మేలు.

3. పళ్లెము అంచున తీసి పెట్టు కరివేపాకును వ్యర్థము చేయవలదు. నీడలో ఆరబెట్టి, కొద్దిగా వేయించి, నువ్వులు, జీలకర్ర చేర్చి పొడి చేసికొనిన, అన్నములో నేతితో ఒక ముద్ద కలిపి తినవచ్చును. నువ్వులలోని తైలము దానికి తోడగును.

4. అన్నముతోపాటు పప్పు, పెరుగు ఉండవలెను. ఉట్టి ఆకుకూర అన్నముతో ఎ విటమిన్‌ను మోయు మాంసకృత్తు తయారు కాదు.

5. భోజనము చేసిన వెంటనే టీ, కాఫీలు త్రాగుట మంచిది కాదు. అవి ఆహారములోని ఇనుమును ఒంటబట్టనీయవు. నిమ్మరసము, ఉసిరి ఇనుమునకు సహాయము చేయును.

6. ఆకలి మందముగా ఉన్నవారు భోజనమునకు కొంచెము ముందు వ్రేలిగోరంత అల్లపుముక్కను చిటికెడు సైంధవలవణముతో నమిలి మ్రింగవచ్చును. ఆమ్లపిత్తము, కడుపులో పుండు, రక్తపోటు గలవారికి ఇది తగదు.

7. పలుచని విరేచనములతో బాధపడు పెద్దవారికి వెన్న తీసిన తాజా మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, కొద్దిగా శొంఠి కలిపి ఇచ్చుట మంచిది. గ్రహణికి తక్రమును మించిన పథ్యము లేదని మన సంప్రదాయము. పిల్లలకు విరేచనములైనపుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణము, వైద్యుడు చెప్పినన్ని దినములు జింకు ఇవ్వవలెను. తల్లిపాలు, మెత్తని అన్నము ఆపరాదు.

8. ఆకలి లేనిదే తినరాదు, ఆకలియైనపుడు ఆపరాదు. మలవేగమును నిరోధింపరాదు. రాత్రి భోజనమునకును నిద్రకును నడుమ రెండు గంటల వ్యవధి ఉండవలెను.

త్రిఫల గురించి

కరక్కాయ, తానికాయ, ఉసిరికాయల పెచ్చులను సమభాగములుగా చేర్చిన చూర్ణమే త్రిఫల. కంటిబలమునకు రాత్రివేళ దీనిని తేనె, నేతులతో సేవింపవలెనని వాగ్భటుడు చెప్పెను. కడుపును శుద్ధిచేయు ద్రవ్యమునే కంటికి రసాయనముగా చెప్పుటలో ఈ పాఠపు సారమంతయు ఉన్నది. పెద్దవారు అరచెంచా చూర్ణమును రాత్రి సేవింపవచ్చును. తేనెయు నెయ్యియు సమానముగా కలుపరాదు, ఒకటి రెండవదానికన్న ఎక్కువగా ఉండవలెను. మధుమేహులు తేనెకు మారుగా గోరువెచ్చని నీటితో తీసికొనవచ్చును.

పలుచని విరేచనములున్నవారు, గర్భిణులు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు వైద్యుని అడుగకుండ త్రిఫలను వాడరాదు. పిల్లలకు కూడ వైద్యుని సలహా లేనిదే ఇవ్వరాదు. ఇది మలబద్ధముగలవారికి చక్కని సహాయకారి గాని, ఎ విటమిన్ లోపమునకు గాని, బి12 లోపమునకు గాని మారుమందు కాదు. ఇంటిలో కాచిన త్రిఫల కషాయమును కంటిలో పోసికొనుట ప్రమాదకరము. తేనె, తల్లిపాలు, ఆకుపసరులు కూడ కంటిలో వేయరాదు. వానివలన క్రిములు చేరి నల్లగ్రుడ్డుపై పుండు ఏర్పడి చూపు పోయినవారున్నారు.

కడుపుతో ముడివేయరాని కంటిజబ్బులు

కంటికిని కడుపునకును సంబంధమున్నదని చెప్పితిమి గాని, కంటిజబ్బులన్నియు కడుపునుండియే పుట్టునని చెప్పలేదు. ఈ భేదము తెలియకపోవుటవలన నష్టపోవువారు పెక్కుమంది.

బడిపిల్లల హ్రస్వదృష్టి కనుగ్రుడ్డు పొడవు పెరుగుటవలన కలుగును. దానికి కళ్లద్దములే శరణ్యము. కారట్ రసముచే అద్దములు పోవు. దినమునకు కొంతసేపు ఆరుబయట పగటివెలుతురులో ఆడుకొనుట ఆ దోషము రాకుండుటకు తోడ్పడునని తెలిసినది.

ముదిరిన శుక్లమునకు శస్త్రచికిత్సయే మార్గము. నీటికాసుల వ్యాధి నొప్పి లేకుండ లోలోపల కంటినరమును తినివేయును. పోయిన చూపు తిరిగి రాదు కావున నలుబది దాటినవారు కంటి ఒత్తిడిని పరీక్షింపించుకొనవలెను. మధుమేహులు చూపు బాగుగా ఉన్నను ఏడాదికొకసారి రెటీనాను చూపించుకొనవలెను.

వార్ధక్యమున నడిమి చూపును హరించు రెటీనా వ్యాధి కొంత ముదిరినవారిలో లూటీన్, జియాజాంథిన్, జింకు మొదలగువానితో కూడిన మాత్రలు వ్యాధివేగమును కొంత తగ్గింపగలవని అమెరికాలో జరిగిన విస్తృత పరిశోధనల ఫలితములు 2001లోను, 2013లోను వెలువడినవి. అవి ఆరోగ్యవంతులందరికిని అక్కరలేదు, కంటివైద్యుడు చెప్పినవారికి మాత్రమే. లూటీన్ మన ఆకుకూరలలో పుష్కలముగా ఉన్నది, అదియు కొవ్వుతోడనే ఒంటబట్టును.

అకస్మాత్తుగా చూపు పోవుట, కంటిలో తీవ్రమైన నొప్పి, దీపము చుట్టును రంగుల వలయములు కనబడుట, కంటిముందు తెర దిగినట్లు తోచుట, మెరుపులతో కూడిన నల్లని చుక్కలు, ఇట్టివానిలో ఏ ఒక్కటి కనిపించినను గృహవైద్యమును తలపెట్టక ఆ గంటలోనే కంటివైద్యశాలకు చేరవలెను.

ఇంటిలో వేసికొనవలసిన ప్రశ్నలు

కంటికై ఏదేని ఆహారమునో ఔషధమునో మొదలుపెట్టుటకు ముందు ఈ ప్రశ్నలు వేసికొనుడు.

ఆకలి సకాలమున కలుగుచున్నదా? విరేచనము దినమున ఎన్నిమార్లు అగుచున్నది, జిడ్డుగా తేలుచున్నదా? నెల రెండు నెలలలో కారణము లేకుండ బరువు తగ్గినదా? చీకటిపడు వేళ నడచుటకు ఇంటిలో ఎవరైనను తడబడుచున్నారా? బిడ్డకు ఎ విటమిన్ మోతాదులు, నులిపురుగుల మందు అందినవా? ఆకుకూర తినునపుడు కొంచెమైనను నూనెయో నెయ్యియో ఉన్నదా? ఏండ్లతరబడి వాడుచున్న మాత్రలేవి?

ఈ ప్రశ్నలకు వచ్చిన సమాధానములను కాగితముపై వ్రాసి, వైద్యునివద్దకు పోవునపుడు వెంట తీసికొనిపోవుడు. సంకోచముచే కడుపు సంగతి దాచి, కంటి సంగతి మాత్రమే చెప్పుట తగదు. సగము చెప్పిన రోగికి సగము వైద్యమే లభించును. ములగాకు పెరటిలోనే ఉన్నది, నెయ్యి గిన్నెలోనే ఉన్నది. అగ్నిని కాపాడుకొనిన, అవి కంటివరకు తమ దారిన తాము పోగలవు.